ఆఫీసు మీటింగుకు ఏ స్లైడ్ల సాఫ్ట్‌వేర్ వాడాలి? హాలు చూసి ఎంచుకునే పద్ధతి

నల్గొండలో మా ఆఫీసు పని రైతు కంపెనీలకు, మహిళా సంఘాలకు లెక్కలు చూసిపెట్టడం, శిక్షణ ఇవ్వడం. నెలలో నాలుగైదు సార్లయినా ఎక్కడో ఒకచోట తెర మీద స్లైడ్లు చూపించాల్సి వస్తుంది. ఒకరోజు అధికారుల రివ్యూ, ఇంకోరోజు బ్యాంకు వాళ్లతో సమావేశం, మరోరోజు ఏదో ఊరి రైతు వేదికలో బత్తాయి రైతులతో మీటింగ్. మహబూబ్‌నగర్, వనపర్తి వైపు ఇదే పని చేసే మిత్రులు ఫోన్ చేసి, "అన్నా, పవర్‌పాయింట్ కొనాలా, గూగుల్ స్లైడ్స్ సరిపోతుందా, కాన్వా బాగుందంటున్నారు కదా?" అని అడుగుతుంటారు. నేను ముందు ఎదురు ప్రశ్న వేస్తాను: "ఎక్కడ చూపిస్తావు తమ్ముడూ?"

టెంప్లేట్లు చూసి సాఫ్ట్‌వేర్ ఎంచుకునేవాళ్లే ఎక్కువ. హైదరాబాద్‌లో గాజు గదిలో కూర్చుని, వేగమైన నెట్ మీద పనిచేసేవాళ్లకు అది చెల్లుతుంది. మనకు చెల్లదు. మన హాళ్లలో నెట్ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ప్రొజెక్టర్ పాతది కావచ్చు. చూసేవాళ్లలో సగం మంది తెలుగు మాత్రమే చదువుతారు. ఈ మూడింటినీ తట్టుకునేది ఏదో తేల్చుకోవడానికి ఒక పూట కేటాయించండి. నేను చేసే వరుసలోనే చెబుతాను.

మొదటి పని: హాలు వివరాలు రాసుకోండి

గత మూడు నెలల్లో మీరు స్లైడ్లు చూపించిన చోట్లన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కోదాని పక్కన నాలుగు సంగతులు చేర్చండి. అక్కడ నెట్ ఉందా? మీ ల్యాప్‌టాప్ పెట్టనిస్తారా, వాళ్ల కంప్యూటర్‌లోనే చూపించాలా? ప్రొజెక్టర్‌కు హెచ్‌డీఎంఐ తీగ పడుతుందా, పాత వీజీఏ తీగా? తెర వెడల్పా, చదరంగా ఉందా?

రెండో ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యం. చాలా ఆఫీసుల్లో మన ల్యాప్‌టాప్ తగిలించనివ్వరు. పెన్‌డ్రైవ్ ఇవ్వమంటారు, లేదా ముందురోజే మెయిల్ చేయమంటారు. అంటే మీరు దేనిలో తయారు చేసినా, చివరికి అది వాళ్ల కంప్యూటర్‌లోని పవర్‌పాయింట్‌లో తెరుచుకోవాలి. మా కాగితం మీద పన్నెండు చోట్లు రాస్తే ఏడింటికి ఇదే పరిస్థితి. అప్పుడే మాకు సగం నిర్ణయం అయిపోయింది.

రెండో పని: తెలుగు పరీక్ష

ఇక్కడ తొందరపడకండి. సాఫ్ట్‌వేర్ ఎంత అందంగా ఉన్నా వత్తులు విరిగితే ఆ స్లైడ్ పనికిరాదు.

ముందు మీ దగ్గరున్న తెలుగు మ్యాటర్ యూనికోడ్‌లో (ఏ కంప్యూటర్, ఏ ఫోన్ అయినా తెలుగును తెలుగుగానే గుర్తుపట్టే పద్ధతి) ఉందో లేదో చూసుకోండి. డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి అను ఫాంట్లలో టైప్ చేయడం అలవాటు. కరపత్రాలకు, పెళ్లి పత్రికలకు అవి చక్కగా కుదురుతాయి. కానీ యూనికోడ్ కాని పాత ఫాంట్లలో టైప్ చేసిన మ్యాటర్ లోపల దాచుకునేది తెలుగు అక్షరాలను కాదు, ఇంగ్లిష్ గుర్తులను. ఫాంటు వాటికి తెలుగు బొమ్మ తొడుగుతుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో, ఏ ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్‌లోనైనా అవి పిచ్చి గుర్తులుగా బయటపడతాయి. తెలుసుకోవడం సులువు. ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. అక్కడ తెలుగు తెలుగులాగే కనిపిస్తే యూనికోడ్, లేకపోతే కాదు. కాకపోతే కన్వర్టర్‌తో మార్చి, అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. నాలుగు పేరాలే అయితే మళ్లీ టైప్ చేయడం మేలు. ఫోన్‌లో గూగుల్ వాళ్ల కీబోర్డ్ జీబోర్డ్ పెట్టుకుని తెలుగులో మాట్లాడితే చాలావరకు అదే టైప్ చేస్తుంది, తప్పులు మాత్రం మనం దిద్దాలి.

తర్వాత ఒక పరీక్ష వాక్యం తయారు చేసుకోండి. నేను వాడేది ఇది: "నార్కట్‌పల్లి, జడ్చర్ల, కల్వకుర్తి, చౌటుప్పల్, స్త్రీనిధి, రాష్ట్రం, లక్ష్మి, జ్యోత్స్న." ఇందులో ప్రతి మాటకూ ఒక పని ఉంది. "స్త్రీ", "ష్ట్ర", "త్స్న" అనే చోట్ల మూడేసి హల్లులు కలుస్తాయి, కింద వత్తులు ఒకదాని పక్కన ఒకటి కుదురుగా ఇమడాలి. నార్కట్‌పల్లిలో "ట్" పొల్లుగా నిలబడి, "ప" విడిగా రావాలి. ఈ రెంటినీ విడదీయడానికి కంటికి కనిపించని గుర్తు ఒకటి ఉంటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఫైలు మార్చేటప్పుడు ఆ గుర్తును మింగేస్తాయి. అప్పుడు ట కింద ప వత్తు వచ్చి కూర్చుంటుంది, ఊరి పేరే మారిపోతుంది. తమ ఊరి పేరు తప్పుగా రాసి ఉంటే సర్పంచి గారు ఇంకేమీ వినరు. అందులో తప్పేమీ లేదు.

ఈ వాక్యాన్ని మూడు సైజుల్లో పెట్టి చూడండి. శీర్షికకు 44, మామూలు మాటకు 28, పట్టికలో 20. తెలుగుకు వత్తులు కింద, గుడులు పైన ఉంటాయి కాబట్టి ఇంగ్లిష్ కంటే ఎక్కువ చోటు కావాలి. వరుసల మధ్య దూరం 1.2 నుంచి 1.3 వరకు పెంచకపోతే పై వరుస వత్తు కింది వరుస తలకట్టును తాకుతుంది. అక్షరాల మధ్య ఖాళీ పెంచే బటన్ జోలికి మాత్రం పోవద్దు, తెలుగులో అది అక్షరాన్ని చీలుస్తుంది.

ఫాంట్ల విషయంలో గూగుల్ స్లైడ్స్ మనకు బాగా కలిసొస్తుంది. ఫాంటు పేర్ల జాబితాలో "మోర్ ఫాంట్స్" తెరిచి, స్క్రిప్ట్ దగ్గర తెలుగు ఎంచుకుంటే మండలి, రామభద్ర, ఎన్టీఆర్, పెద్దన, ధూర్జటి, గిడుగు, గురజాడ, నోటో సాన్స్ తెలుగు ఇలా వరసగా వస్తాయి. వీటిలో చాలావాటిని అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర ఉచిత లైసెన్సు కింద అందరికీ ఇచ్చింది. మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు మీద "సురవరం" అనే ఫాంటు కూడా ఉంది. నేను శీర్షికలకు రామభద్ర, లోపలి మాటకు మండలి వాడతాను.

కానీ ఫైలు వేరేవాళ్ల విండోస్ కంప్యూటర్‌కు పోతుందంటే ఈ అందాలు వదిలేయండి. అక్కడ మండలి ఉండదు, దాని బదులు ఇంకేదో వచ్చి పేరాలు డబ్బా దాటి కిందకు కారుతాయి. విండోస్ 8 నుంచి ప్రతి కంప్యూటర్‌లో ఉండే తెలుగు ఫాంటు నిర్మలా యూఐ. చాలామంది గౌతమినే నమ్ముకుంటారు. విండోస్ 10 నుంచి గౌతమి అదనంగా వేసుకోవాల్సిన ఫాంట్ల జాబితాలోకి పోయింది. కొత్త కంప్యూటర్‌లో అది ఉండకపోవచ్చు. పంపాల్సిన ఫైలంతా నిర్మలా యూఐలో పెడితే ప్రాణం సుఖంగా ఉంటుంది. విండోస్‌లో వేసుకున్న పవర్‌పాయింట్ అయితే ఇంకో దారి ఉంది. ఆప్షన్స్‌లో "సేవ్" దగ్గరకు వెళ్లి "ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ద ఫైల్" అన్నదానికి టిక్ పెడితే, లైసెన్సు ఒప్పుకునే ఫాంట్లను ఫైలు తనతోపాటు మోసుకెళ్తుంది.

మూడో పని: అవే ఐదు స్లైడ్లు, అన్నిట్లో

పోల్చడం అంటే ఒకే పనిని అన్నిటికీ ఇవ్వడం. ఐదు స్లైడ్లు అనుకోండి: పరీక్ష వాక్యంతో శీర్షిక, ఒక పట్టిక, ఒక చార్టు, ఒక ఫొటో, అర నిమిషం వీడియో. చార్టుకు మీ పనిలోని అసలు లెక్కే తీసుకోండి. మా దగ్గర నీటి పరీక్షల లెక్కలుంటాయి. ఫ్లోరైడ్ నల్గొండకు కొత్త మాట కాదు. ఊళ్ల పేర్లు అడ్డంగా, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో నిలువుగా వేసి, 1.5 దగ్గర ఎర్ర గీత గీయాలి. అంతకు మించితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు అది. గీత దాటిన ఊరు ఏదో వెనక బెంచీ నుంచి కూడా కనిపించాలి. పట్టికలో నలభై అంకెలు పెట్టి చదవడం కంటే ఆ ఒక్క గీత ఎక్కువ చెబుతుంది.

ఈ ఐదు స్లైడ్లనూ మీరు అనుకుంటున్న ప్రతి సాఫ్ట్‌వేర్‌లో తయారు చేయండి. ఒక్కోదానికి అరగంట, అంతకు మించొద్దు. అరగంటలో కాకపోతే అదే ఒక ఫలితం, రాసుకోండి. తర్వాత ప్రతి దాన్నీ పీపీటీఎక్స్‌గా (పవర్‌పాయింట్ ఫైలు రకం), పీడీఎఫ్‌గా దించుకుని, మీది కాని ఇంకో కంప్యూటర్‌లో తెరవండి. పక్క దుకాణంలో జిరాక్స్ తీసే కంప్యూటర్ అయినా ఫరవాలేదు, పాతది అయితే ఇంకా మంచిది. విరిగినవి అక్కడ విరుగుతాయి.

నాకు తేలింది ఇది.

గూగుల్ స్లైడ్స్: నలుగురు కలిసి ఒకే ఫైలు మీద పనిచేయడానికి దీన్ని మించింది నాకు దొరకలేదు. జీమెయిల్ ఉంటే చాలు. జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నిటికీ కలిపి 15 జీబీ ఉచితం. మిర్యాలగూడలో ఉన్న మా సహోద్యోగి మిల్లు లెక్కలు ఎక్కిస్తుంటే, నేను ఇక్కడ అదే స్లైడ్‌లో మాటలు దిద్దుతాను. నాకు బాగా నచ్చింది చార్టు పద్ధతి. గూగుల్ షీట్స్‌లో లెక్క పెట్టి, చార్టును స్లైడ్‌లోకి తెచ్చుకుంటే రెండింటికీ లంకె ఉంటుంది. వచ్చే నెల షీట్‌లో అంకె మారితే స్లైడ్ మీద "అప్‌డేట్" బటన్ వస్తుంది, ఒక్క నొక్కుతో చార్టు మారుతుంది. నెలనెలా రివ్యూ ఉన్నవాళ్లకు దీనివల్ల ఒక పూట పని మిగులుతుంది. "వర్షన్ హిస్టరీ"లో "జూన్ రివ్యూ" అని పేరు పెట్టి దాచుకుంటే, ఫైనల్, ఫైనల్ 2, లాస్ట్ ఫైనల్ అని పది ఫైళ్లు పోగుపడవు. ఒక హద్దు గుర్తుంచుకోండి: బయటి పవర్‌పాయింట్ ఫైలును గూగుల్ స్లైడ్స్‌గా మార్చాలంటే అది 100 ఎంబీ లోపు ఉండాలి. ఫోన్ ఫొటోలు అలాగే దూర్చిన ఫైళ్లు ఇక్కడే ఆగిపోతాయి.

పవర్‌పాయింట్: ఇది 1987లో మొదట మ్యాక్ కంప్యూటర్ల కోసం వచ్చింది, అదే ఏడాది మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది. ఇన్నేళ్లకు ఇది ఊరందరి భాష అయింది. బ్యాంకులో, కలెక్టరేట్‌లో, కాలేజీలో తెరుచుకునేది ఇదే. వెబ్ వెర్షన్ మైక్రోసాఫ్ట్ ఖాతాతో ఉచితం, వన్‌డ్రైవ్‌లో 5 జీబీ ఇస్తారు. వెబ్‌లో చిన్న చిన్న దిద్దుబాట్లకు బాగుంటుంది. వీడియోను ఫైలు లోపలే పెట్టి నెట్ లేకుండా ఆడించాలంటే కంప్యూటర్‌లో వేసుకున్న పవర్‌పాయింట్ మీదే నాకు భరోసా. ఆఫీసు మొత్తానికి ఒక్క లైసెన్సు ఉన్నా చాలు, చివరి మెరుగులు ఆ కంప్యూటర్‌లో దిద్దుకోవచ్చు.

కాన్వా: ఆస్ట్రేలియాలో పుట్టిన ఈ సాఫ్ట్‌వేర్ చూడముచ్చటగా ఉంటుంది. డిజైన్ రానివాళ్ల చేత కూడా అందమైన స్లైడ్ చేయిస్తుంది. మా ఆఫీసులో శిక్షణ పోస్టర్లు, వాట్సాప్ ఆహ్వానాలు అన్నీ దీనిలోనే. కానీ లెక్కల మీటింగుకు దీన్ని వాడొద్దంటాను. పట్టికలు, చార్టులు చేసేటప్పుడు చెయ్యి ఇరుకవుతుంది. పైగా పీపీటీఎక్స్‌గా దించితే ఫాంట్లు మారి, వరుసలు కదులుతాయి. పీడీఎఫ్‌గా దించితే మాత్రం చెక్కుచెదరదు. కిరీటం గుర్తున్న బొమ్మలు డబ్బు కట్టేవాళ్లకే. తెలియక వాడితే బొమ్మ మీద అడ్డంగా వాటర్‌మార్క్ పడుతుంది.

జోహో షో: చెన్నై కంపెనీది. 2025 సెప్టెంబరులో కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ తన పత్రాలు, ప్రెజెంటేషన్లు జోహోకు మార్చుకుంటున్నానని ప్రకటించాక మన వైపు కూడా దీని గురించి అడిగేవాళ్లు పెరిగారు. మన దేశపు ఖాతాల డేటా ఇక్కడి డేటా సెంటర్లలోనే ఉంచుతారు. లబ్ధిదారుల వివరాలు చూసే సంస్థలకు అది చిన్న విషయం కాదు. పని తీరు పవర్‌పాయింట్‌కు దగ్గర, అలవాటు పడటానికి ఒక రోజు చాలు. మీ ఆఫీసు మెయిల్ ఇప్పటికే జోహోలో ఉంటే ఇంకేమీ వెతక్కండి. లేకపోతే కలిసి పనిచేసే ప్రతి ఒక్కరితో కొత్త ఖాతా తెరిపించడమే అసలు శ్రమ.

ప్రెజీలో స్లైడ్లు వరసగా రావు, ఒక పెద్ద పటం మీద తెర దూకుతూ, దగ్గరకు పోతూ దూరం జరుగుతూ ఉంటుంది. కథ చెప్పడానికి బాగుంటుంది. వెనక కూర్చున్న పెద్దవాళ్లకు కళ్లు తిరుగుతాయి. మా పనికి వద్దనుకున్నాం. ఒక్క మాట చెప్తే స్లైడ్లన్నీ తయారు చేసే ఏఐ సాధనాలు కూడా ఉన్నాయి. వరస ఎలా ఉండాలో ఆలోచన రావడానికి వాడుకోండి, అందులోని ఒక్క అంకెనూ సరిచూడకుండా తెర మీదకు ఎక్కించకండి.

నాలుగో పని: వైఫై తీసేసి చూడండి

ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది. దేవరకొండ వైపు ఒక రైతు వేదికలో దాదాపు అరవై మంది రైతులు కూర్చున్నారు. స్లైడ్లన్నీ ఆన్‌లైన్‌లోనే ఉన్నాయి. ఫోన్ హాట్‌స్పాట్‌కు సిగ్నల్ దొరకలేదు. ల్యాప్‌టాప్ పట్టుకుని గుమ్మం దాకా, చెట్టు కింద దాకా తిరిగాను. చివరికి నలభై నిమిషాలు చేతులతో గాలిలో చార్టులు గీసి చెప్పాను. పనులు మానుకుని వచ్చిన మనుషులను అలా కూర్చోబెట్టినందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

గూగుల్ స్లైడ్స్ నెట్ లేకుండా కూడా నడుస్తుంది, కానీ ముందే ఏర్పాటు చేసుకోవాలి. క్రోమ్ లేదా ఎడ్జ్ బ్రౌజర్‌లో, నెట్ ఉన్నప్పుడే, డ్రైవ్ సెట్టింగ్స్‌లో ఆఫ్‌లైన్ ఆన్ చేయాలి. తర్వాత ఆ ఫైలు మీద విడిగా "అవైలబుల్ ఆఫ్‌లైన్" నొక్కాలి. అక్కడితో ఆగకండి. వైఫై తీసేసి, ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ పెట్టి, ఫైలు తెరిచి చూడండి. యూట్యూబ్ నుంచి, డ్రైవ్ నుంచి పెట్టిన వీడియోలు అప్పుడు ఆడవు. వాటిని విడిగా పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. కాన్వాను, జోహోను కూడా ఇలాగే వైఫై తీసేసి చూశాకే నమ్మండి.

ఐదో పని: ఫైలు ఎవరిది, ఎవరికి కనిపిస్తుంది

ఆఫీసు స్లైడ్లు ఒకరి సొంత జీమెయిల్‌లో ఉంటే, ఆయన ఉద్యోగం మారిన రోజు మీ ఏడాది పని ఆయన వెంట పోతుంది. ఆఫీసు పేరుతో ఒక ఖాతా తెరిచి, ఫైళ్లన్నీ దాని సొంతం చేయండి. మిగతావాళ్లకు ఎడిటర్‌గా, కామెంటర్‌గా, వ్యూయర్‌గా అనుమతి ఇవ్వండి. పై అధికారికి కామెంటర్ చాలు. ఆయన చెప్పేది పక్కన రాస్తారు, అంకెలు పొరపాటున చెదరవు.

"లింకు ఉన్న ఎవరైనా" అని పెట్టేముందు ఒక్క క్షణం ఆగండి. వాట్సాప్ గ్రూపులో వేసిన లింకు ఎక్కడిదాకా పోతుందో మన చేతిలో ఉండదు. ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, ఎవరి ఇంట్లో ఏ జబ్బు ఉందన్న వివరాలు స్లైడ్ మీదకు రాకూడదు. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టమే వచ్చింది. చట్టం సంగతి పక్కనపెట్టినా, మనల్ని నమ్మి వేలిముద్ర వేసిన మనుషుల వివరాలు అవి.

డబ్బు గురించి రెండు ముక్కలు. ఎక్కువ కంపెనీలు మనిషికి ఇంత అని వసూలు చేస్తాయి. చూసేవాళ్లను లెక్కలో కలపకండి, తయారు చేసేవాళ్లనే లెక్కపెట్టండి. పదిమంది ఆఫీసులో వాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. ముందు మూడు నెలలు ఉచితంగా దొరికే దానితోనే నడపండి. ఎక్కడ అడ్డు తగిలిందో రాసుకుంటూ పోతే, దేనికి డబ్బు పెట్టాలో ఆ కాగితమే చెబుతుంది.

మేము ఎలా వాడుతున్నామంటే: తయారీ అంతా గూగుల్ స్లైడ్స్‌లో, బయటికి పంపేది పవర్‌పాయింట్‌లో సరిచూసి, పోస్టర్లు కాన్వాలో. బయటి కంప్యూటర్లలో చూపించే అవసరం మీకు తక్కువైతే మధ్య మెట్టు తీసేయొచ్చు.

మీటింగ్ రోజున

ముందురోజు సాయంత్రం కాపీలు సిద్ధం చేయండి: పీపీటీఎక్స్ ఒకటి, పీడీఎఫ్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో, అవే రెండూ మీ వాట్సాప్‌కు డాక్యుమెంట్‌గా. ఫొటోలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. పీడీఎఫ్‌లో వీడియో ఆడదు గానీ తెలుగు మాత్రం ఏ కంప్యూటర్‌లోనైనా విరగదు, ఫాంటు లోపలే ఉంటుంది.

బ్యాగులో హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే చిన్న అడాప్టర్ ఉంచుకోండి. వీజీఏ తీగలో ధ్వని రాదు, కాబట్టి వీడియో ఉంటే చిన్న స్పీకర్ కూడా. తెర చదరంగా ఉన్న పాత ప్రొజెక్టర్ అయితే వెడల్పాటి 16:9 స్లైడ్‌కు పైనా కిందా నల్ల పట్టీలు వచ్చి అక్షరాలు చిన్నవవుతాయి. అలాంటి హాలుకు పోతున్నామని ముందే తెలిస్తే స్లైడ్ సైజు 4:3కి మార్చి, ప్రతి స్లైడ్ ఒకసారి తిరగేయండి. మారిన సైజులో పట్టికలు పక్కకు జరుగుతాయి.

ఎండాకాలం మధ్యాహ్నం రైతు వేదికల్లో కిటికీలు మూస్తే ఉక్క, తెరిస్తే వెలుతురు. ఆ వెలుతురులో ముదురు నేపథ్యం మీద లేత అక్షరాలు కనిపించవు. తెల్ల నేపథ్యం, నల్ల అక్షరాలు, గీతకు ఎర్ర రంగు. అరగంట ముందే హాలుకు చేరుకుని, పరీక్ష వాక్యం ఉన్న స్లైడ్ తెర మీద పెట్టి, చివరి వరుస కుర్చీలో కూర్చుని చదవండి. "జ్యోత్స్న" అక్కణ్నుంచి స్పష్టంగా కనిపిస్తే మొదలుపెట్టొచ్చు.